అప్‌డేట్: బురుజు హిస్టారిక్కా, హిస్టారికలా?

మా పాప ఇంగ్లీషు వ్యాసంలో కొండారెడ్డి బురుజును ‘హిస్టారికల్’ అని రాస్తే టీచర్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారని, ఏది సరైనదని పోయిన వారం అడిగాను. జవాబులిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

చరిత్రకు సంబంధించింది ఏదైనా హిస్టారికల్, చరిత్రలో నిలిచిపోయేంత ముఖ్యమైనదైతే హిస్టారిక్ అన్నారు. నాకు తలకెక్కింది గానీ పాపకు ఎక్కలేదు. ఆదివారం బురుజు దగ్గరికే తీసుకెళ్లాను. 1953 అక్టోబర్ 1న మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది కదా, ఆ రోజు హిస్టారిక్. దాని గురించి దాచిపెట్టిన పాత కాగితాలు హిస్టారికల్ అని చెప్పాను.

"అయితే బురుజు హిస్టారిక్కే నాన్నా!" అని అక్కడే కూర్చుని, చివరి రెండు అక్షరాలను కాగితం పలచబడేదాకా రబ్బరుతో చెరిపేసింది.