జ్వరం దిగింది, మరి బడికి పంపొచ్చా?

గాజువాక_నాన్న: ఫ్లూ వచ్చిన పిల్లలు జ్వరం మొదలైన రోజు నుంచి ఐదు రోజులు ఇంటి దగ్గరే ఉండాలని మధురవాడలో ఒక స్కూలు వాట్సాప్‌లో పెట్టింది. రెండో రోజుకే జ్వరం దిగిపోతే? అతి కాదా ఇది?

సీతమ్మధార_సిస్టర్: కాదండీ. జ్వరం రావడానికి ఒక రోజు ముందే అంటించడం మొదలవుతుంది, తర్వాత 5 నుంచి 7 రోజులు సాగుతుంది. చిన్నపిల్లల్లో పది రోజులు కూడా పడుతుంది. పారాసిటమాల్ లేకుండా 24 గంటలు జ్వరం రాకపోవాలి, అది కనీసం. మన దగ్గర పొద్దున్న ఏడింటికి సిరప్ పోసి పంపేస్తారు. అది పనిచేసేది 4 నుంచి 6 గంటలే, మధ్యాహ్నానికి పిల్లాడి ఒళ్లు మళ్లీ కాలిపోతుంది. ఆస్పిరిన్ మాత్రం ఇవ్వనే కూడదు.

కంచరపాలెం_మాస్టారు: ముందు రోజే అంటించేస్తే ఇక ఇంట్లో కూర్చోబెట్టి ఏం లాభం? దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు. ముందు ఆటోల సంగతి చూడండి. వానొస్తే రెండు పక్కలా టార్పాలిన్ దించేసి, అంతమందీ అరగంట ఒకరి గాలి ఒకరు పీలుస్తారు.

సీతమ్మధార_సిస్టర్: వైరస్ ఎక్కువగా బయటికొచ్చేది మొదటి మూడు నాలుగు రోజులండీ. ఆ రోజులు ఆటో ఎక్కకపోతే చాలు.

ఎంవీపీ_అమ్మ: బెంచీలు ఎవరూ తుడవరేం? స్టీలు, ప్లాస్టిక్ మీద 24 నుంచి 48 గంటలు బతుకుతుంది. వాటర్ బాటిళ్లు కూడా మార్చుకుని తాగుతారు.

కంచరపాలెం_మాస్టారు: అదే వైరస్ చేతి మీద ఐదు నిమిషాలు ఉంటే గొప్ప. కిటికీలు తెరవమంటే బెంచీలంటారేటి!

ఎంవీపీ_అమ్మ: ఆ ఐదు నిమిషాల్లో ముక్కు ఎన్నిసార్లు నలుపుకుంటారో లెక్కపెట్టండి.

భీమిలి_కుర్రాడు: ఉప్పుగాలికి ఫ్లూ రాదంటారు కదా?

సీతమ్మధార_సిస్టర్: వస్తుంది. మన దేశంలో వానాకాలం ఒకసారి, జనవరి–మార్చి ఒకసారి పెరుగుతుంది.

గాజువాక_నాన్న: హాజరు 75 శాతం ఉండాలి కదా, దాని మాటేటి?

కంచరపాలెం_మాస్టారు: 220 పనిదినాలనుకుంటే 55 రోజులు మానినా ఇబ్బంది లేదు.

గాజువాక_నాన్న: లెక్కలు చెప్పకండి మాస్టారూ! ఇద్దరూ పనికెళ్లే ఇంట్లో ఐదు రోజులు ఎవరు కూర్చుంటారు? ఆటోనగర్‌లో రోజు మానితే కూలి పోయినట్టే. చివరికి మామ్మ దగ్గరే పడుకోబెడతారు.

సీతమ్మధార_సిస్టర్: అక్కడే ప్రమాదం. 65 దాటినవాళ్లకి, షుగరు, ఆయాసం ఉన్నవాళ్లకి న్యుమోనియాలోకి దిగుతుంది. తప్పనిసరైతే మంచాలు వేరు చేసి, ఎదురెదురు కిటికీలు తెరవండి. దగ్గరికెళ్లినప్పుడు మామ్మకి మాస్కు ఉండాలి. ఆవిడకి జ్వరం తగిలితే 48 గంటల్లోపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఫ్లూ వైరస్‌ని అణిచే మందు ఒసెల్టామివిర్ బాగా పనిచేసేది అప్పుడే. అసలు టీకా పిల్లలకే ముందు వేయించాలంటాను. కెనడాలో హట్టరైట్లని, విడిగా ఊళ్లు కట్టుకుని కలిసి బతికే క్రైస్తవులున్నారు. వాళ్ల ఊళ్లలో పిల్లలకి వేస్తే, టీకా లేని మిగతావాళ్లకి 61 శాతం రక్షణ దొరికిందని 2010లో తేలింది. తొమ్మిదేళ్లు నిండని పిల్లలకి మొదటిసారైతే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు.

గాజువాక_నాన్న: అది ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు. ఇద్దరు పిల్లలకి సొంత డబ్బే.

కంచరపాలెం_మాస్టారు: నూరు శాతం హాజరుకి కప్పులిచ్చే బడులే ఇప్పుడు ఇంట్లో ఉండమంటున్నాయి. ముందు ఆ కప్పు ఎత్తేయమనండి.

గాజువాక_నాన్న: కప్పు సరే మాస్టారూ, కూలి ఎవరిస్తారు?