హల్క్‌ది ద్వంద్వ వ్యక్తిత్వమేనా?

కామిక్స్‌లో ఒకే ఒంట్లో ఇద్దరు ముగ్గురుగా బతికే నాయకుల మీద, ప్రతినాయకుల మీద ఒక వ్యాసం రాస్తూ మొదటి పేరాలోనే ఆగిపోయాను. స్ప్లిట్ పర్సనాలిటీ అనగానే చేతికి తగిలే తెలుగు మాట "ద్వంద్వ వ్యక్తిత్వం". రాసేశాను. మర్నాడు చదువుకుంటే నా వ్యాసంలోని వాళ్లందరూ మోసగాళ్లలా కనిపించారు.

ఆ మాట తిరిగే జట్టు అలాంటిది. ద్వంద్వ వైఖరి, ద్వంద్వ నీతి, ద్వంద్వ ప్రమాణాలు. ఎక్కడ చూసినా పైకొకటి, లోపలొకటి అనే నిందే. మరి బ్రూస్ బ్యానర్ ఎవరిని మోసం చేశాడు? 1962లో స్టాన్ లీ, జాక్ కర్బీ అతణ్ణి సృష్టించినప్పుడు పొద్దుగూకితే హల్క్ అయ్యేవాడు, తెల్లవారితే మళ్లీ బక్కపలచని శాస్త్రవేత్త. (మొదటి సంచికలో హల్క్ ఒంటి రంగు బూడిద. ఆకుపచ్చ రెండో సంచికలో వచ్చింది. కోపమొస్తే మారడం ఆ తర్వాత కుదురుకున్న పద్ధతి.) తన ఇష్టాయిష్టాలతో పని లేకుండా మారిపోయే మనిషికి "ద్వంద్వ" అని పేరు పెట్టడం అన్యాయం కాదా?

టూఫేస్ సంగతి ఇంకా చిత్రం. 1942లో బ్యాట్‌మ్యాన్ కథల్లోకి వచ్చాడు. హార్వే డెంట్ ప్రభుత్వ న్యాయవాది. కోర్టులో ఒక ముఠా నాయకుడు ఆమ్లం విసిరితే ముఖం సగం కాలిపోయింది. పేరును "ద్విముఖుడు" అని తెలుగు చేద్దామంటే మన చెవికి చతుర్ముఖుడు, షణ్ముఖుడు, దశముఖుడు వరసలో పడిపోతాడు. వాళ్లకు ముఖాలు ఎన్నున్నా మనసు ఒకటే. "ద్వి" లెక్క చెబుతుందే గాని చీలిక చెప్పదు. పోనీ అతని చేతిలోని నాణెం చూడండి. దానికి బొరుసు లేదు. రెండు వైపులా బొమ్మే, ఒక బొమ్మ నిండా గాట్లు. ద్వంద్వాలంటే సుఖదుఃఖాలు, శీతోష్ణాలు, ఒకదానికొకటి ఎదురు నిలిచేవి. ఈ నాణెం మీద ఎదురెదురు ముఖాలు లేవు, ఒకే ముఖం ఒకవైపు పాడై ఉంది. అది ఎటు పడితే అటు నడుస్తాడు, అదీ బాహాటంగా. పైకొకటి లోపలొకటి అనడానికి వీల్లేదు. అతని లోపల ఉన్నదంతా ముఖం మీదే ఉంది.

ఇక్కడ నాకు నలుడు గుర్తొచ్చాడు. మహాభారతంలో అతనికి జరిగినవి రెండు. కలి అతనిలో ఆవేశించాడు. అప్పుడు రూపం నలుడిదే, రాజ్యం ఒడ్డి జూదమాడే బుద్ధి మాత్రం నలుడిది కాదు. తర్వాత కర్కోటకుడు కాటేశాడు. ఈసారి రూపం బాహుకుడిది, దమయంతిని తలచుకుని కుమిలే మనసు నలుడిదే. ముసుగు వేసుకున్న ప్రతివాడినీ "స్ప్లిట్" అనేవాళ్లకు ఈ కథ వినిపించాలనిపిస్తుంది. సూపర్‌మ్యాన్ మామూలు మనిషిగా తిరిగేటప్పుడు పెట్టుకునే క్లార్క్ కెంట్ కళ్లజోడు బాహుకుడి తరహా, ఇంకా నిక్కచ్చిగా అంటే బృహన్నల తరహా. దానికి మారువేషం అన్న మాట చాలు. లోపలున్నది ఎవరో లోపలి మనిషికి తెలుసు. హల్క్‌ది కలి తరహా. మాట కూడా ఆ కథలోనే ఉంది: ఆవేశం. ఆవేశించడమంటే లోపలికి దూరడం. ఇవాళ అదే మాటకు ఉద్రేకమని అర్థం. కోపమొస్తే ఇంకొకడు లోపలికి వచ్చి కూర్చునే పాత్రకు ఇంతకన్నా అమరిన మాట ఎక్కడ దొరుకుతుంది?

నేననేది, వేషాన్నీ ఆవేశాన్నీ చీలికనూ విడివిడిగా పెట్టుకుందాం. "ద్వంద్వ వ్యక్తిత్వం" అనే మాటను రాజకీయ విమర్శలకు వదిలేద్దాం. మీరేమంటారు?

మొదటి జవాబు

బాగుంది గాని, ఒక చిన్న అభ్యంతరం. "ద్వంద్వ"కు ఇవాళ్టి వాడుక చూసి నిందార్థం అన్నారు. "ఆవేశం" దగ్గరికి వచ్చేసరికి వాడుక వదిలేసి వ్యుత్పత్తి పట్టుకున్నారు. ఆవేశపడకండి అన్నప్పుడు ఎవరికైనా కలి గుర్తొస్తాడా? ఒక మాటకు ఒక తూకం, ఇంకో మాటకు ఇంకో తూకం. ద్వంద్వ ప్రమాణాలంటే ఇవే మరి.

నా సమాధానం

దొరికిపోయాను. అయినా దేవత ఆవేశించింది, దయ్యం ఆవహించింది అనే వాడుక ఇంకా చచ్చిపోలేదు కదండీ. పాత అర్థానికి ఊపిరి ఆడుతోంది కాబట్టే ఆ ధైర్యం చేశాను.

రెండో జవాబు

వ్యాకరణం వైపు నుంచి ఒక మాట. ద్వంద్వ సమాసంలో రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం. "తల్లిదండ్రులారా" అని పిలిస్తే ఇద్దరూ పలకాలి. బ్యానర్, హల్క్ ఎప్పుడూ ఒకేసారి పలకరు, కాబట్టి అక్కడ ద్వంద్వం కుదరదన్న మీ మాట నిజమే. కానీ ఆ పేరుకు అచ్చంగా సరిపోయే వీరుడు ఒకడున్నాడు. 1978లో వచ్చిన ఫైర్‌స్టార్మ్. రానీ రేమండ్ అనే విద్యార్థి, మార్టిన్ స్టైన్ అనే ప్రొఫెసర్ కలిసిపోయి ఒక్కడవుతారు. ఒళ్లు కుర్రవాడి ఆధీనంలో ఉంటుంది, ప్రొఫెసర్ తల పక్కన తేలుతూ సలహాలిస్తుంటుంది. ఇద్దరూ హాజరు, ఇద్దరి మాటా చెల్లుతుంది. ద్వంద్వ సమాసానికి ఉదాహరణ అడిగితే రామలక్ష్మణుల పక్కన రాసేయవచ్చు.

మూడో జవాబు

మీ "ఆవేశం" హల్క్‌కు మొదటి ఇరవై ఏళ్ల వరకే పనికొస్తుంది. 1985లో బిల్ మాంట్లో రాసిన సంచికలో బ్యానర్ బాల్యం బయటపడింది. తండ్రి చేతుల్లో చిత్రహింసలు, ఆ కోపాన్ని లోపలే అణచుకున్న పిల్లవాడు. అంటే బ్యానర్‌ను హల్క్‌గా మార్చిన గామా కిరణాలు కొత్తగా ఎవరినీ లోపలికి పంపలేదు. అక్కడ ఉన్నవాడికే తలుపు తీశాయి. కలి బయటివాడు, హల్క్ ఇంటివాడు. 1991లో పీటర్ డేవిడ్ కథలో వైద్యుడు డాక్ శామ్సన్ ఏం చేశాడో గుర్తుందా? బ్యానర్‌ను నిద్రావస్థలోకి పంపి, లోపలి ఆకుపచ్చ హల్క్‌నూ బూడిద హల్క్‌నూ అతనితో కలిపి ఒక్కణ్ణి చేశాడు. బయటి నుంచి దూరినదాన్ని వదిలిస్తారు, భూతవైద్యుడు చేసేది అదే. విడిపోయినవాళ్లనైతే కలుపుతారు. వైద్యం ఏదో చూస్తే రోగం పేరు తెలుస్తుంది.

నా సమాధానం

ఈ దెబ్బకు నా వ్యాసం మూడో పేరా పోయింది. ఒప్పుకుంటున్నాను. అయితే "వ్యక్తి" అన్న మాటే మనకు అక్కరకు వస్తుందేమో చూడండి. దాని మూలంలో ఉన్నది పైకి తెలియడం, వ్యక్తం కావడం. హల్క్ కనిపించేటప్పుడు బ్యానర్ అవ్యక్తం, బ్యానర్ కనిపించేటప్పుడు హల్క్ అవ్యక్తం. చీలిక, అతుకు అనే వడ్రంగం పని లేకుండానే విషయం చెప్పవచ్చు.

నాలుగో జవాబు

"చీలిన వ్యక్తిత్వం" వాడేవారికి ఒక హెచ్చరిక. స్విట్జర్లాండ్ వైద్యుడు బ్లాయ్‌లర్ 1908లో స్కిజోఫ్రెనియా అనే పేరు పెట్టినప్పుడు, గ్రీకులో చీలిక అనే మాటనూ మనసు అనే మాటనూ కలిపాడు. ఆయన ఉద్దేశం ఆలోచనకూ భావానికీ మధ్య పొత్తు తెగిపోవడం. జనం మాత్రం ఒకరిలో ఇద్దరు అనుకున్నారు. ఆ పొరపాటు ఇప్పటికీ వదలలేదు, కామిక్స్ కూడా దాన్ని మోశాయి. ఒకరిలో వేరు వేరు వ్యక్తులు కనిపించే స్థితి పూర్తిగా వేరు. దానికి అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో "మల్టిపుల్ పర్సనాలిటీ" అనే పేరు తీసేసి "డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్" అని పెట్టింది. ఉన్నది ఒకే మనిషి, ఆ మనిషి "నేను" అనేది ఒక్కటిగా అల్లుకోలేదు అని దాని భావం. తెలుగులో ఏ మాట పెట్టినా ప్రతినాయకుల కథల మరక దాని మీద పడకుండా చూడండి. ఈ స్థితిలో ఉన్న మామూలు మనుషులు మన రాతలు చదువుతారు.

ఐదో జవాబు

మూన్ నైట్‌ను ఎవరూ తలచుకోలేదే! 1975లో వచ్చాడు. మార్క్ స్పెక్టర్ అసలు మనిషి, స్టీవెన్ గ్రాంట్ కోటీశ్వరుడు, జేక్ లాక్లీ ట్యాక్సీ డ్రైవర్. మొదట్లో ఆ రెండూ అతను పని మీద వేసుకున్న వేషాలే. తరువాతి రచయితల చేతిలో ఆ వేషాలే మనుషులయ్యాయి. మీ మూడు గదుల్లో ఇతణ్ణి ఏ గదిలో పెడతారు? వేషం గదిలో చేరి, చీలిక గదిలో తేలాడు.

ఇంకోటి. అతని లోపలివాళ్లు మాట్లాడుకునేటప్పుడు ఇంగ్లిష్‌కు దిక్కు ఒక్క "వుయ్". మనకు రెండున్నాయి. మార్క్ స్టీవెన్‌తో అంటే "మనం", బయటివాడితో అంటే "మేము". ఒక్క సర్వనామంతో ఎవరు లోపలో ఎవరు వెలుపలో తేలిపోతుంది. 1988లో వచ్చిన వెనమ్‌కూ అంతే. ఎడ్డీ బ్రాక్, అతని ఒంటిని అంటుకున్న పరాయి గ్రహపు జీవి. శత్రువు ముందు "మేము" అనాలి, తమలో తాము "మనం" అనుకోవాలి. అక్కడ ఒక పేచీ ఉంది. "మేము తెలుగువాళ్లం", "నేను రాముడిని" అన్నట్టు మనకు నామవాచకానికి కూడా తోక తగిలించాలి. "మేము వెనమ్‌లం" అంటే ఇద్దరు వెనమ్‌లు అవుతారు. "మేము వెనమ్‌ని" అంటే వ్యాకరణం తప్పు. ఆ తప్పే ఆ జీవికి సరైన వర్ణన అని నా అనుమానం.

ఆరో జవాబు

కాస్త పక్కదారి, క్షమించాలి. ప్రతినాయకుల్లో వెంట్రిలోక్విస్ట్ అని ఒకడున్నాడు, 1988లో వచ్చాడు. ఆర్నల్డ్ వెస్కర్ అనే భయస్తుడు, చేతిలో స్కార్‌ఫేస్ అనే చెక్కబొమ్మ. ఆజ్ఞలన్నీ బొమ్మవే. పెదవులు కదపకుండా పలకాలి కాబట్టి బొమ్మకు "బ" నోట రాదు, "గ" అవుతుంది. బ్యాట్‌మ్యాన్ "గ్యాట్‌మ్యాన్" అయిపోతాడు. మన చిత్రకవులు పెదవులు తగలని అక్షరాలతో నిరోష్ఠ్యం రాయడానికి ఎంత తంటాలు పడ్డారో తెలుసు కదా. ఆ బొమ్మ అర నిరోష్ఠ్య కవి. అర అని ఎందుకంటున్నానంటే "మ" మాత్రం హాయిగా పలికేస్తుంది!

నా సమాధానం

"మ" ఎలా వచ్చిందో వెస్కర్‌నే అడగాలి.

అందరికీ కృతజ్ఞతలు. వ్యాసంలో "ద్వంద్వ వ్యక్తిత్వం" ఫైర్‌స్టార్మ్ దగ్గర ఒక్కచోట ఉంచాను. మిగతా చోట్ల నామవాచకం కోసం వెతకడం మానేశాను. ఫలానావాడు వేషం వేశాడు, ఫలానావాడు లోపల విడిపోయాడు అని క్రియలతోనే నడిపించాను, వాక్యం తేలికపడింది. "ద్వైధీభావం" వాడమని ఒకరు విడిగా సందేశం పంపారు. అది రాజనీతిలో ఆరు ఎత్తుగడల్లో ఒకటి, ఒకడితో సంధి చేసుకుంటూ ఇంకొకడితో కయ్యం పెట్టుకోవడం. మళ్లీ మోసం దగ్గరికే వచ్చాం.

ఇక మిగిలింది హల్క్ నోటి మాట. ఇంగ్లిష్‌లో "హల్క్ స్మాష్" అంటాడు, క్రియకు తల లేదు తోక లేదు. తెలుగులో తోక పెట్టక తప్పదు. "హల్క్ పగలగొడతాను" అంటే అతను తనను తాను ఎరిగినట్టు ఉంటుంది. "హల్క్ పగలగొట్టు" అంటే ఎవరో పక్కనుంచి ఉసిగొల్పినట్టు ఉంటుంది. చివరికి "హల్క్ పగలగొడతాడు" అని రాశాను. తన గురించి తానే ఎవరో పరాయివాడన్నట్టు చెప్పుకుంటున్నాడు, చెప్పదలచుకున్నదీ అదే. 1991లో శామ్సన్ కలిపిన తర్వాతి హల్క్‌తో ఈ బాధ లేదు. అతను బ్యానర్ తెలివితో మామూలుగా "నేను" అంటాడు, నేనూ మామూలుగా "పగలగొడతాను" అని రాసుకుంటూ పోయాను.