చాయ్ పెట్టుడు నేర్పాల్నా, కవర్లు అతికిచ్చుడా? (ఆటిజం, 17 ఏండ్ల బాబు)

కొత్తవాడ_అమ్మ: మా బాబుకు 17, ఆటిజం. ట్రైనింగ్ సెంటర్ల రెండేండ్ల సంది పేపర్ కవర్లే చేపిస్తున్నరు. చాయ్ పెట్టుడు, షాపుకు పోయి పాల పాకెట్ తెచ్చుడు నేర్పుండ్రంటే అవి ఇంట్ల చూస్కోండి అంటున్నరు. చట్టం ప్రకారం ఫ్రీ చదువు 18 దాకనే, ఇగ ఉన్నది ఒక్క యేడు. నాకైతే చాయే ముందు. మీరేమంటరు?

కాజీపేట_నాయిన: గ్యాస్ పొయ్యి కాడికి పంపుతవా అక్కా? కవర్లు చేస్తే కూసుండి పనిచేసుడు అలవాటైతది. 2016 వికలాంగుల హక్కుల చట్టంల సర్కారు కొలువులు 4 శాతం ఉన్నయి, అండ్ల ఆటిజం, బుద్ధిమాంద్యం అసొంటోళ్లందరికీ కలిపి 1 శాతం. అరగంట కూసోనోనికి ఆ 1 శాతం ఏం అక్కరకొస్తది?

కొత్తవాడ_అమ్మ: కొలువు దాకెందుకు, రెండేండ్లల్ల రూపాయి చేతికి రాలే. స్టాల్ పెట్టి అమ్మిండ్రు, బ్యానర్ మీద మావోని ఫొటో వేసిండ్రు. నేను చాయ్ చివరి నుంచి వెనక్కి నేర్పుతున్న, ఓ టీచరమ్మ చెప్పింది. ముందుగాల గ్లాసుల పోసుడు ఒక్కటే, అది వచ్చినంక వడగట్టుడు, గట్ల. గోడకు బొమ్మలు అతికిచ్చిన, చూసుకుంట చేస్తడు. పోసుడుకే నాలుగు నెలలు పట్టింది. పొయ్యి దాకా మేమింకా రానే లేదు, నువ్వు అప్పుడే అగ్గి పెట్టినవ్.

సుబేదారి_99: ఇండక్షన్ కొనుండ్రి, అయిపాయె.

కాజీపేట_నాయిన: అయిపోదు తమ్మీ. మావోడు కాగిన గిన్నె పట్టుకున్నడు, అరవలే, ఏడ్వలే. డ్యూటీ నుంచి వచ్చి అరచెయ్యి చూస్తే గానీ నాకు తెల్వలే. అప్పటి సంది వంటింటికి గొళ్లెమే. బొమ్మలు అతికిచ్చుడు అల్కనే.

కొత్తవాడ_అమ్మ: నువ్వు సచ్చినంక ఆ గొళ్లెం ఎవరు తీస్తరు?

కాజీపేట_నాయిన: నోరు జర మంచిగ రానియ్యి. నా బిడ్డ ఉన్నది, చూస్కుంటది. వానికి 18 దాటింది, నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ కమిటీల గార్డియన్ కాయిదాలు పెడుతున్న, నా తర్వాత ఆమెనే.

మట్టెవాడ_రవ్వ: సెంటర్ పేరు చెప్పుండ్రి ముందు.

కొత్తవాడ_అమ్మ: చెప్ప. పిలగాడు ఇంకా ఆడికే పోతుండు.

హన్మకొండ_చెల్లె: అంకుల్, ఆమెను అడిగిండ్రా? మా అన్నకు 24. నాకు సంబంధం వస్తే ముందు అన్న ముచ్చటే తీస్తరు. చూస్కోనని అంటలేను. మా అమ్మ వానికి అన్నీ తనే చేసింది, ప్రేమతోనే, ఇప్పుడు ఆమెకు మోకాళ్లు లేస్తలేవు. గడ్డం నేనే గీస్తున్న. స్నానం కాడ నేను నిలబడితే గోడ దిక్కు తిరుగుతడు, వానికి సిగ్గు తెలుసు. కవర్లైతే రోజుకు వంద చేస్తడు.

కొత్తవాడ_అమ్మ: సచ్చినంక అని అనొద్దుండె అన్నా. కోపంల వచ్చింది.

కాజీపేట_నాయిన: మావోని గడ్డం నేనే గీస్త. బిడ్డ గీయాల్సొస్తదని ఎన్నడూ తట్టలే.

కాజీపేట_నాయిన: సుబేదారి తమ్మీ, ఇండక్షన్ మీంచి గిన్నె తీస్తే అదే బంద్ అయితదా?

సుబేదారి_99: అయితది. కానీ పైన అద్దం కొంచెంసేపు కాలుతది అన్నా.