టాలీకి సర్వర్ బాక్స్ కొనాలా, మంచి పీసీ సరిపోతుందా? (ఆరు సీట్ల ఆఫీసు)

మిర్చియార్డు_గుమాస్తా
గుంటూరులో మిర్చి కమీషన్ ఆఫీసు మాది. లెక్కలకు టాలీ ప్రైమ్ సాఫ్ట్‌వేర్, గోల్డ్ (ఒకే నెట్‌వర్క్‌లో చాలామంది వాడుకునే లైసెన్సు), ఆరు సీట్లు. డేటా ఫోల్డర్ ఒక పాత పీసీలో షేర్ చేసి ఉంది. అందులో 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. సీజన్లో డే బుక్ (రోజువారీ ఎంట్రీల రిపోర్టు) తెరిచి టీ తాగి రావచ్చు. టవర్ సర్వర్‌కి కోట్ 1,40,000 వచ్చింది: జియాన్ (సర్వర్ రకం) ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, డిస్కులను జతగా నడిపే రెయిడ్. ఓనరుగారు 60 వేలు దాటొద్దంటున్నారు. ఏం చేయమంటారు?

రెయిడ్_రావు
సర్వరే తీసుకోండి. తప్పులు తనే దిద్దుకునే ఈసీసీ ర్యామ్, రెండు డిస్కుల మీదా ఒకే డేటా రాసే రెయిడ్ 1 ఉంటాయి. ఒక డిస్కు పోయినా పని ఆగదు. ఏడాది లెక్కలన్నీ ఉన్న పెట్టె మీద 80 వేలు మిగుల్చుకోవడం పొదుపు కాదు.

క్యాట్‌సిక్స్
రావుగారూ, రెయిడ్ సంగతి సరే, కానీ ఆయన బాధ స్లో. గోల్డ్‌లో డేటా ఉన్న పీసీ గోడౌన్ లాంటిది, ఫైళ్లు అందిస్తుంది అంతే. రిపోర్టు లెక్క కట్టేది ముందు కూర్చున్న పీసీ. ఆ ముందున్న పీసీ అడిగిన ప్రతిసారీ చిన్న చిన్న ముక్కలు వేలసార్లు కేబుల్ మీద వెళ్లి వస్తాయి. కాబట్టి గోడౌన్‌లో జియాన్ పెట్టినా డే బుక్ వేగం పెద్దగా మారదు. డేటా చదివే పని సర్వర్ వైపే జరగాలంటే టాలీ ప్రైమ్ సర్వర్ అని వేరే లైసెన్సు ఉంది. ఆరు సీట్లకు అందాకా ఎందుకు?

అసలు దోషులు రెండు. ఒకటి హార్డ్ డిస్క్: చెల్లాచెదురుగా ఉన్న ముక్కలు చదవాలంటే సెకనుకు వంద, నూటయాభైకి మించి అందించలేదు. మామూలు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) కూడా వేలల్లో అందిస్తుంది. రెండోది పీసీల కేబుళ్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్. ముందు ఈ పరీక్ష చేయండి: 1 జీబీ ఫైలు ఒకటి ఆ పీసీ నుంచి మీ పీసీకి కాపీ కొట్టండి. పది, పదిహేను సెకన్లలో అయితే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్). నిమిషంన్నర పట్టిందంటే 100 ఎంబీపీఎస్ మీద నడుస్తున్నారు.

మిర్చియార్డు_గుమాస్తా
92 సెకన్లు! కేబుళ్లన్నీ ఇంటర్నెట్ రౌటర్ వెనకే గుచ్చి ఉన్నాయి. రెండు పీసీలు వైఫై.

క్యాట్‌సిక్స్
దొరికింది. తక్కువ ధర రౌటర్లలో చాలావాటి పోర్టులు 100వే. 8 పోర్టుల గిగాబిట్ స్విచ్ పెట్టి, అందరినీ దానికి కలిపి, స్విచ్ నుంచి ఒకే కేబుల్ రౌటర్‌కి ఇవ్వండి. తర్వాత ప్రతి పీసీలో ఈథర్నెట్ స్టేటస్ తెరిచి స్పీడ్ వరస చూడండి. 1.0 జీబీపీఎస్ రావాలి. స్విచ్ పెట్టాక కూడా 100 చూపిస్తే క్రింపింగ్ (కేబుల్ చివర ప్లగ్ బిగింపు) అనుమానించండి: 100కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ తగలాలి. మిగతా నాలుగులో ఒక్క తీగ అందకపోయినా లైన్ చాలాసార్లు చప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. ఇక వైఫై మీద ఎంట్రీ వద్దే వద్దు. వోచర్ సేవ్ అయ్యేటప్పుడు సిగ్నల్ పోతే డేటా రిపేరు దాకా వెళ్తుంది.

రెయిడ్_రావు
స్విచ్ ఒప్పుకుంటా. మరి కరెంటు? మామూలు పీసీ, పవర్ కట్, టాలీలో తెరిచి ఉన్న కంపెనీ లెక్కలు. ఏమవుతుంది?

యూపీఎస్_మావయ్య
సర్వర్ అయినా అదే అవుతుంది రావూ. చాలా ఆఫీసుల్లో పీసీకి యూపీఎస్ ఉంటుంది, స్విచ్ మాత్రం గోడ ప్లగ్‌లో ఉంటుంది. కరెంటు పోగానే పీసీలన్నీ వెలుగుతూనే ఉంటాయి, మధ్యలో దారి తెగుతుంది. డేటా పీసీకీ స్విచ్‌కీ ఒకే యూపీఎస్ ఇవ్వండి, 1 కేవీఏ చాలు. లేజర్ ప్రింటర్ దానికి తగిలించొద్దు, వేడెక్కేటప్పుడు ఒక్కసారి లాగే లోడుకి యూపీఎస్ ట్రిప్ అవుతుంది.

డేటా పీసీకి ఐ3 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) చాలు. సెకండ్ హ్యాండ్ అయితే ఇంటెల్ 8వ తరం కంటే పాతది కొనకండి, విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది. స్లీప్ ఆఫ్ చేయండి. యాంటీవైరస్‌లో డేటా ఫోల్డర్‌ను మినహాయింపుల్లో పెట్టండి. దాని ముందు ఎవరినీ కూర్చోబెట్టకండి, పెన్‌డ్రైవ్‌లు గుచ్చడం అక్కడే మొదలవుతుంది.

రెయిడ్_రావు
మామూలు విండోస్ ఒకేసారి 20 కనెక్షన్లకే షేరింగ్ ఇస్తుంది, గుర్తుంచుకోండి. పైగా బ్రాంచి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో (దూరం నుంచే ఈ పీసీ తెర తెరిచి) ఒకేసారి నలుగురు రావాలంటే విండోస్ సర్వరే గతి.

క్యాట్‌సిక్స్
ఆరు సీట్లకు 20 ఎప్పుడు దాటుతుందండీ? బ్రాంచి సంగతి నిజమే. కానీ అప్పుడు సీటుకో క్యాల్ (సర్వర్ వాడుకునే లైసెన్సు), రిమోట్‌కి మరో క్యాల్ కొనాలి. గుమాస్తాగారూ, మీ 1,40,000 కోట్‌లో అవి ఉన్నాయా?

మిర్చియార్డు_గుమాస్తా
లేవు. బ్రాంచి కూడా లేదు. రెయిడ్ లేకపోతే బ్యాకప్ ఎలా?

యూపీఎస్_మావయ్య
రెయిడ్ బ్యాకప్ కాదు నాయనా. తప్పుగా డిలీట్ చేసినా, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ వచ్చినా రెండు డిస్కుల్లోనూ అదే ఉంటుంది. రోజూ సాయంత్రం అందరినీ టాలీ నుంచి బయటికి పంపి ఆల్ట్ వై నొక్కి, బ్యాకప్. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు వారం వారం మార్చి మార్చి వాడండి, తీసినది ఆఫీసులో ఉండకూడదు. నెలకోసారి వేరే పీసీలో రీస్టోర్ చేసి ట్రయల్ బ్యాలెన్స్ పోల్చండి. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే రోజువారీ బ్యాకప్ రూల్సులోనే ఉంది.

రెయిడ్_రావు
సరే, పీసీయే కొనండి. మిగిలిన డబ్బులో ఇంకో 512 ఎస్‌ఎస్‌డీ మాత్రం బీరువాలో పెట్టుకోండి. సీజన్ మధ్యలో డిస్కు పోతే ఆదివారం షాపులు తెరిచి ఉండవు.