ఒకే మతం మీద నిలబెడితే దేశం గట్టిపడుతుందా?

ప్రశ్న: కృష్ణాతీరం

గణతంత్ర దినోత్సవానికి మా డిగ్రీ కళాశాలలో పెట్టిన వక్తృత్వ పోటీకి ఈసారి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. రెండో సంవత్సరం చదివే కుర్రవాడొకడు కాగితం చూడకుండా, తడబడకుండా మాట్లాడి సభను ఆకట్టుకున్నాడు. ఇన్ని భాషలు, ఇన్ని కులాలు ఉన్న దేశాన్ని కలిపి ఉంచగల దారం అత్యధికులు ఆచరించే మతమొక్కటేనని, ‘లౌకిక’ అన్న మాట 1976లో అత్యవసర పరిస్థితి నడుస్తుండగా పీఠికలో చొప్పించిందే తప్ప రాజ్యాంగం రాసినవారికి ఆ ఉద్దేశమే లేదని అతని వాదన. అందరికంటే బాగా మాట్లాడాడు కనుక మొదటి బహుమతి అతనికే ఇచ్చాను. ఆ తరువాత నేను చెప్పిన నాలుగు ముక్కలు మాత్రం నాకే పేలవంగా తోచాయి. 1976 సంగతి నిజమే కదా, దానికి జవాబేమిటి? మతం దేశాన్ని కలిపి ఉంచుతుందనడానికి చరిత్రలో ఆధారముందా? నినాదాలు పక్కన పెట్టి చెప్పగలవారు చెప్పాలని మనవి.

జవాబు: పాత పుటలు

42వ సవరణతో 1976లో ఆ మాట చేరిందన్నది నిజమే. కానీ 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసు తీర్పులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిక్రీ రాజ్యాంగ మౌలిక స్వరూపంలోని, అంటే పార్లమెంటు సవరణతో కూడా చెరపలేని, అంశాలను ఏకరువు పెడుతూ లౌకిక స్వభావాన్ని కూడా వాటిలో చేర్చారు. అప్పటికి పీఠికలో ఆ మాట లేనే లేదు. మతాన్ని బట్టి పౌరుల మధ్య తేడా చూపరాదనే 15వ అధికరణం, ఒక మతాన్ని పోషించడానికి పన్ను వేయరాదనే 27వ అధికరణం, మతాన్ని బట్టి ఓటర్ల జాబితా వేరుచేయరాదనే 325వ అధికరణం 1950 నుంచీ ఉన్నాయి. అత్యవసర పరిస్థితి పోయాక జనతా ప్రభుత్వం ఆ సవరణలో చాలా భాగాన్ని రద్దు చేసింది గాని, పీఠిక జోలికి పోలేదు.

రాజ్యాంగ సభలో కె.టి. షా 1948 నవంబరు 15న ‘సెక్యులర్’, ‘సోషలిస్ట్’ మాటలు చేర్చమంటే అంబేద్కర్ ఒప్పుకోలేదని మీ విద్యార్థి రేపు అనవచ్చు. ఆ రోజు అంబేద్కర్ చెప్పిన జవాబు ప్రధానంగా సామ్యవాదం గురించి: సమాజం ఏ ఆర్థిక పద్ధతిలో నడవాలో రాబోయే తరాలు తేల్చుకోవాలి, వారి చేతులు ఇప్పుడే కట్టేయరాదని.

నా మట్టుకు అంతకంటే ముఖ్యమైన తేదీ 1949 అక్టోబరు 17. పీఠిక ‘దేవుని పేర’ మొదలు కావాలని ఆ రోజు హెచ్.వి. కామత్ ప్రతిపాదించారు. దేవుడినైతే ఒప్పుకుంటాం, మరి దేవి మాటేమిటని శక్తి ఉపాసకుల పక్షాన రోహిణీ కుమార్ చౌధురి లేచారు. దేవుడి మీద ఓటు వేయవలసిన ఇబ్బంది మాకు తెచ్చిపెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ వేడుకున్నారు. కామత్ వెనక్కి తగ్గకపోవడంతో ఓటింగ్ జరిగి, అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 ఓట్లు పడి ప్రతిపాదన వీగిపోయింది. కాదన్న ఆ 68 మందిలోనూ ఇంట్లో పూజ చేసుకునేవారే ఎక్కువమంది అయి ఉంటారు. ఒక మతానికి పీట వేద్దామనగానే, అందులో ఏ శాఖకు వేయాలన్న తగువు అక్కడే, ఆ గంటలోనే మొదలైన సంగతిని మీ విద్యార్థికి చెప్పండి.

జవాబు: ఓరుగల్లు కోట

రెండో ప్రశ్నకు పాకిస్తాన్‌ను మించిన సాక్ష్యం లేదు. సుమారు 1,600 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ముక్కలను కలిపింది మతమొక్కటే. 1948 ఫిబ్రవరిలో ధీరేంద్రనాథ్ దత్తా తమ రాజ్యాంగ సభలో బెంగాలీకీ చోటివ్వమని అడిగితే తోసిపుచ్చారు. మరుసటి నెలలో జిన్నా ఢాకాకు వచ్చి ఉర్దూ ఒక్కటే దేశభాష అని చెప్పారు. 1952 ఫిబ్రవరి 21న అదే ఊళ్లో బెంగాలీ కోసం ఊరేగిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. చంపినవారిదీ చచ్చినవారిదీ ఒకే మతం. 1970 ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో 160 ఆ ప్రాంతపు పార్టీ అవామీ లీగ్ గెలిచినా అధికారం అప్పగించలేదు. 1971 డిసెంబరు 16 నాటికి ఆ దేశం రెండయింది.

ఇక మన సంగతి. భాషా రాష్ట్రాలు ఏర్పడితే దేశం చీలిపోతుందని ఢిల్లీలో అప్పట్లో నిజంగానే భయపడ్డారు. నెహ్రూ, పటేల్, మన పట్టాభి సీతారామయ్య కలిసిన జె.వి.పి. కమిటీ ఆంధ్ర విషయంలో తలుపు కొంచెం తెరిచి ఉంచినా, మొత్తం మీద ఆ పని ఇప్పట్లో వద్దనే 1949లో చెప్పింది. పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూశారు. మరుసటి అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. దేశం ముక్కలు కాలేదు సరికదా, మద్రాసు నుంచి విడిపోయిన తెలుగువాడికి ఢిల్లీ మీద అలగవలసిన పెద్ద కారణం ఒకటి తగ్గింది. అంతటితో ఆగితే అర్ధసత్యమే అవుతుంది: ఒకే భాష కూడా మనల్ని ఒకే రాష్ట్రంలో కట్టి ఉంచలేకపోయింది, 2014 జూన్ 2న తెలంగాణ వేరయింది. నీళ్ల దగ్గర, ఉద్యోగాల దగ్గర అన్యాయం జరిగిందన్న బాధ ఉన్నచోట ‘మనమంతా ఒకటే’ అన్న మాట కడుపు నింపదు.

జవాబు: గోదావరి గట్టు

పై ఇద్దరూ చెప్పినదానితో నాకు పేచీ లేదు, కానీ ఆ కుర్రవాడికి అంత చప్పట్లు ఎందుకు పడ్డాయో కూడా ఆలోచించాలి. మాది నాలుగు తరాల అర్చక కుటుంబం. 1987 దేవాదాయ చట్టంతో వంశపారంపర్య హక్కు పోయింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. హుండీ లెక్కింపు నాడు గుళ్లో బల్లలు వేసి కూర్చునేది కార్యనిర్వహణాధికారి, ఆయన సిబ్బంది. మేము పళ్లెం పట్టుకుని స్తంభం పక్కన నిలబడతాం. మా స్వామికి కైంకర్యానికి నూనె కావాలంటే అర్జీ పెట్టుకోవాలి. సిక్కులకు 1925 చట్టం ప్రకారం ఎన్నికైన కమిటీ ఉంది. మా భక్తులకు ఆ పాటి అర్హత లేదా? నాకు మతరాజ్యం అక్కరలేదు. మతాలన్నింటికీ సమదూరంలో ఉన్నామని చెప్పుకునే ప్రభుత్వం మా గర్భగుడికి మాత్రం ఇంత దగ్గరగా ఎందుకుందన్నదే నా ప్రశ్న.

జవాబు: పాత పుటలు

గోదావరి గట్టు గారూ, మీ బాధ న్యాయమైనదే. ఎన్నికైన కమిటీల మాటకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. ఒక్కటి మాత్రం గుర్తుచేస్తాను. గుళ్ల మీద ప్రభుత్వ అజమాయిషీ స్వాతంత్ర్యం తరువాత పుట్టింది కాదు. తిరుమల ఆలయ నిర్వహణ 1843 వరకు ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉండి, ఆ ఏడాది హాథీరాంజీ మఠానికి వెళ్లింది. 1920ల్లో మద్రాసు దేవాదాయ చట్టాన్ని తెచ్చింది తెలుగువారైన పానగల్ రాజా ప్రభుత్వం. ఇక ప్రభుత్వానికే ఒక మతం ఉంటే, విష్ణ్వాలయాల పూజా పద్ధతుల్లో వైఖానసమా పాంచరాత్రమా, ఏ ఆగమం సరైనదన్నది కూడా సచివాలయంలోనే తేలుతుంది.

పాకిస్తాన్‌లో జఫ్రుల్లా ఖాన్ ఏమయ్యారో చూడండి. ఆయన అహ్మదీ, అంటే తమను ముస్లింలుగానే భావించుకునే ఒక శాఖవారు, దేశ తొలి విదేశాంగ మంత్రి. ఇస్లాం పునాదిగా రాజ్యాంగం ఉండాలన్న లక్ష్యాల తీర్మానాన్ని 1949 మార్చిలో సభలో నిలబడి సమర్థించారు. పాతికేళ్లకు, 1974లో, అదే దేశపు రాజ్యాంగం అహ్మదీలు ముస్లింలు కారని సవరణ చేసుకుంది. అప్పటికి ఆయన బతికే ఉన్నారు.

జవాబు: తెలుగు మాష్టారు

నేను ముస్లింను, ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. కొత్తగా బదిలీ అయిన పట్టణంలో ‘టు లెట్’ బోర్డు చూసి ఫోన్ చేస్తే యజమాని పావుగంట ఆప్యాయంగా మాట్లాడి, నీళ్ల సౌకర్యం, కరెంటు మీటరు అన్నీ వివరించి, చివర్లో పేరు అడిగారు. చెప్పాను. ఇల్లు నిన్ననే ఇచ్చేశామన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. పెట్టేసే ముందు, ‘మీ తెలుగు చాలా బాగుందండీ’ అన్నారు. నలభై ఏళ్లుగా వింటున్న మెచ్చుకోలు అది. మా అమ్మ మాట్లాడే భాష బాగుందని నన్ను మెచ్చుకుంటారెందుకో!

హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవాలని ‘ఇమ్రోజ్’ పత్రికలో రాసిన షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు నడివీధిలో చంపి, రాసిన చేతిని నరికారు. మతం పేరుతో రాజ్యాన్ని నిలబెట్టాలనుకున్నవారి కంటికి అందరికంటే పెద్ద ద్రోహిగా కనిపించింది ఆ మతంవాడే. మీ విద్యార్థి తరువాతి ప్రసంగంలో ఆయన పేరు వినబడితే సంతోషిస్తాను.

ప్రశ్న అడిగినవారు: కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. ఆ కుర్రవాడిని సోమవారం గ్రంథాలయానికి రమ్మన్నాను. 1949 అక్టోబరు 17 నాటి సభ చర్చను అచ్చు తీసి ఇస్తాను, అతనే చదివి వాదించుకోనీ. గోదావరి గట్టు గారూ, ఆలయ కమిటీలను భక్తులు ఎన్నుకోవాలంటే ఓటరు ఎవరన్న చిక్కు ముందు తేలాలి కదా, దాన్ని విడిగా ప్రశ్నగా పెడతారా?