పట్టాయా క్యాబరే షోకి పెద్దవాళ్ళనీ పిల్లల్నీ తీసుకెళ్ళొచ్చా? మా బ్యాచ్‌లో తెగని పంచాయితీ

కాకినాడ98:
మా ఇంజినీరింగ్ బ్యాచ్‌లో తొమ్మిది కుటుంబాలం సంక్రాంతి వెళ్ళాక బ్యాంకాక్, పట్టాయా వెళ్తున్నాం. మొత్తం 31 మందిమి. ముగ్గురు అమ్మలు, ఒక మామగారు, 11 మంది పిల్లలు. పిల్లల్లో చిన్నదానికి ఆరేళ్ళు, పెద్దవాడికి పదిహేడు. ఏజెంటు ఇచ్చిన కాగితంలో రెండో రోజు సాయంత్రం దగ్గర "అల్కజార్ షో" అని రెండు ముక్కలే ఉన్నాయి. అదేమిటని ఒక్కరూ అడగలేదు, నాతో సహా. అడ్వాన్సు కట్టేశాక మాలో ఒకావిడ నెట్‌లో చూసి గ్రూపులో పెట్టింది. అది క్యాబరే అనీ, అందులో ఆడేవాళ్ళు ట్రాన్స్‌జెండర్ స్త్రీలనీ. ఇక చూడండి, మూడు రోజులుగా గ్రూపులో అదే గొడవ. ఒకరు మొత్తం రద్దు చేయమంటారు. ఒకరు పెద్దల్నీ పిల్లల్నీ హోటల్లో వదిలి మిగతా వాళ్ళం వెళ్దామంటారు. ఇంకొకరు "అంత దూరం వెళ్ళి అది చూడకుండా వస్తామా" అంటారు. టిక్కెట్లు ఖాయం చేయడానికి వారమే గడువుంది. చూసొచ్చిన వాళ్ళు దయచేసి చెప్పండి. ఊహించి చెప్పేవి మా గ్రూపులోనే బోలెడున్నాయి.

గోదారిగట్టు:
బాబూ, నాకు 63 ఏళ్ళు. పెద్దవాడిగా చెప్తున్నాను, వద్దు. మా తరానికి క్యాబరే అంటే సినిమాల్లో జ్యోతిలక్ష్మి, జయమాలిని పాటలు, తీర్థాల్లో రికార్డింగు డాన్సులు. అవి చూసినవాళ్ళం లేకపోలేదు. కానీ ఎవరితో కలిసి చూశామన్నది ముఖ్యం. కోడలు పక్కన కూర్చుని ఉండగా మామగారు తలెత్తి స్టేజీ వైపు చూడగలడా? చూడలేక లేచి బయటికొస్తే ఆ భాష రాని ఊళ్ళో ఎక్కడికి పోతాడు? బస్సు ఒకటే, వెళ్ళేది అందరితోపాటే. మీరు డబ్బు కట్టేశారు కాబట్టి వాళ్ళు నోరెత్తరు. ఆ మౌనాన్ని ఒప్పుకున్నారని అనుకోకండి. ముందు వాళ్ళని అడిగారా?

లెక్కలటీచరు:
నేను రెండుసార్లు మా స్కూలు స్టాఫు కుటుంబాలను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఒకసారి టిఫనీస్ (అదీ ఇలాంటి షోనే), ఒకసారి అల్కజార్. టిఫనీస్ 1974 నుంచీ ఉంది, అల్కజార్ 1981 నుంచి. రెండూ సెకండ్ రోడ్డు మీదే. అందరూ భయపడే వాకింగ్ స్ట్రీట్, అంటే బార్ల వీధి, ఊరికి దక్షిణం కొసన ఉంది. రెంటికీ సంబంధం లేదు.

లోపల అచ్చం పెద్ద సినిమా హాలులా ఉంటుంది. మెత్తటి కుర్చీలు, ఏసీ చలి (పెద్దవాళ్ళకి శాలువా తీసుకెళ్ళండి, మా అమ్మ వణికిపోయింది). షో గంటా పది నిమిషాలుంటుంది. ఒక్కో పాటకీ ఒక్కో దేశం. చైనా రాజసభ, కొరియా విసనకర్రల నాట్యం, థాయ్ సంప్రదాయ నృత్యం, మధ్యలో మన హిందీ పాటకి లెహంగాలతో ఒకటి. పాటలు రికార్డే, పెదవులు కదుపుతారు. సెట్టు మారడానికి అర నిమిషం పట్టదు, మెట్లూ ఫౌంటెన్లూ మాయమై గోపురం వచ్చేస్తుంది. బట్టలిప్పడం లేదు. నడుము, వీపు, కాళ్ళు కనిపించే దుస్తులు కొన్నున్నాయి, ఈనాటి మన సినిమా పాటల కంటే ఎక్కువేం కాదు. ఒకటి మాత్రం ఉంది. ఒక హాస్యం పాటలో లావుపాటి కళాకారిణి కిందికి దిగివచ్చి ముందు వరస మగవాళ్ళను ఆటపట్టించింది. ఇష్టం లేనివాళ్ళు ముందు వరసలు, నడవ పక్క సీట్లు తీసుకోకండి. మామగారిని మధ్యలో కూర్చోబెట్టండి. మా చుట్టూ పిల్లలతో వచ్చిన కుటుంబాలు చాలా కనిపించాయి.

గోదారిగట్టు గారికి ఒక మాట. అడగాలన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. మేం మొదటిసారి అడగలేదు. మా సీనియర్ సారు ఒకాయన షో అయ్యేదాకా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. రెండోసారి ముందే వీడియో చూపించి, రానివాళ్ళకు బీచ్ రోడ్డులో ఇంకో ఏర్పాటు చేశాం.

రేపల్లెపిల్ల:
మనకు కొత్తా ఇది? నాటకాల్లో స్థానం నరసింహారావు గారు, మగవాడై ఉండి, సత్యభామ వేషం కడితే ఆ చీరకట్టు చూసి ఆడవాళ్ళు నేర్చుకున్నారని మా తాతమ్మ చెప్పేది. ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు కూచిపూడి భామాకలాపంలో సత్యభామగా జడ ముందుకేసుకుని నడిస్తే, ఆయన్ని బయట చూసినవాళ్ళు నమ్మలేకపోయేవారు. ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. అప్పుడు ఇంటిల్లిపాదీ గోనెపట్టాలు పరుచుకుని తెల్లార్లూ చూశారు కదా. పట్టాయా వాళ్ళ దగ్గరికొచ్చేసరికి పిల్లల్ని దాచడం ఎందుకు?

బోధన్‌పోరడు:
అక్కా, మీరు మంచి మనసుతోటే చెప్పిన్రు గని రెండూ ఒకటి కాదు. స్థానం గారు వేషం తీసేసి పంచె కట్టుకొని ఇంటికి పోయిండు. ఆయన మగవాడే, ఊరంతకు ఎరుకే. ఈడ స్టేజీ మీద ఉన్నోళ్ళు వేషం ఏస్తలేరు. వాళ్ళు పొద్దున లేచినా ఆడోళ్ళే, కూరగాయలకు పోయినా ఆడోళ్ళే. వేషం అన్నమంటే వాళ్ళ బతుకును నాటకం అన్నట్టే.

మా దిక్కు సంగతి ఇంకోటి చెప్త. నిజాం కాలంల 1329 ఫసలీ, అంటే 1919ల ఒక చట్టం తెచ్చిన్రు. ఇసుంటోళ్ళ పేర్లు రిజిస్టరుల రాయాలె. ఆడబట్టలు కట్టి బజార్ల కనవడ్డా, ఆడినా పాడినా వారెంటు లేకుండ పట్టుకపోవచ్చు. ఆ చట్టం చెల్లదని తెలంగాణ హైకోర్టు చెప్పింది ఎప్పుడో ఎరుకేనా? 2023 జూలైల. మొన్నటి ముచ్చట. మన దగ్గర ఆడితే జైలు అని రాసి ఉన్న కాలంలనే పట్టాయల వాళ్ళకు థియేటరు లేసింది. అది తెలుసుకొని పోతే చూసే చూపు వేరే ఉంటది.

పెద్దక్క:
ఈ చర్చలో రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను, ఎందుకంటే అందరూ వాళ్ళు ఏం చూపిస్తారో మాట్లాడుతున్నారు. మనం ఎలా చూస్తామో ఎవరూ మాట్లాడటం లేదు.

మా ఇంట్లో నా తర్వాత పుట్టినవాణ్ణి పద్దెనిమిదేళ్ళు తమ్ముడూ అని పిలిచాను. ఇప్పుడు చెల్లీ అని పిలుస్తాను. ఆ పిలుపు మార్చుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. అమ్మకి ఇంకా నోరు తిరగలేదు. వాడు అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతుంది.

మా ఆయన ఆఫీసు వాళ్ళతో 2019లో నేనూ ఆ షోకి వెళ్ళాను. బస్సు ఎక్కినప్పట్నుంచీ వెనక సీట్లలో ఒకటే గుసగుస. ఎవరు మగ, ఎవరు ఆడ, ఎలా కనిపెట్టాలి. గైడు కూడా అదే పందెం పెట్టాడు. షో మొదలయ్యాక నా పక్కనున్నాయన నాట్యం చూడలేదు, గొంతుముడులు వెతుక్కున్నాడు. డెబ్బై నిమిషాలు అదే పని.

అయిపోయాక బయట పోర్టికోలోకి వాళ్ళందరూ వచ్చి నిలబడతారు, ఫొటోలకి. అప్పట్లో ఫొటో దిగితే వంద భాట్లు (థాయ్ డబ్బు) ఇవ్వాలి, అది ముందే చెప్పారు. పసుపు ఈకల కిరీటం పెట్టుకున్న అమ్మాయి నాకు రెండడుగుల దూరంలో ఉంది. ఆ కిరీటం పట్టీ గడ్డం కింద ఒరుసుకుని ఎర్రటి గీత పడింది. చెమటకి పౌడరు మెడ మీదికి చారలు కట్టింది. మా గుంపులో ఒకాయన ఆమె పక్కన నిలబడి, నవ్వుతూ, తెలుగులో, "చెయ్యి చూడరా, మగచెయ్యే" అన్నాడు. ఆమెకు తెలుగు రాదు. ఆ నవ్వు మాత్రం అర్థమైంది, నేను ఆమె కళ్ళు చూశాను. ఫొటో అయ్యాక వంద ఇవ్వకుండా బేరమాడి, యాభై నోటు ఆమె నడుము పట్టీలో దోపబోయాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకి జరిపి, నోటు తన చేత్తో తీసుకుని, దణ్ణం పెట్టి, "ఖాప్ ఖున్ ఖా" అంది. థాయ్‌లో మగవాళ్ళు ధన్యవాదం చెబితే చివర ఖ్రాప్ అంటారు, ఆడవాళ్ళు ఖా అంటారు. ఆమె ఖా అంది.

ఆ రాత్రి హోటల్లో నేను అన్నం ముట్టలేదు. మా చెల్లి చెయ్యి కూడా అలాగే ఉంటుంది.

అందుకని చెప్తున్నాను, కాకినాడ98 గారూ. మీ అమ్మగార్లను తీసుకెళ్ళాలా, పిల్లల్ని తీసుకెళ్ళాలా అన్నది నాకు రెండో ప్రశ్న. ఆ బస్సులో "తేడా" అన్న మాట వినపడేటట్టయితే మీ 31 మందిలో ఎవరూ వెళ్ళకండి. వినపడదని మీరు పూచీ పడగలిగితే ఆరేళ్ళ పాపను కూడా తీసుకెళ్ళండి. పిల్లలు ఎలా నవ్వాలో పెద్దల్ని చూసే నేర్చుకుంటారు.

గోదారిగట్టు:
పెద్దక్క గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను ఆ కళాకారుల్ని తక్కువచేసి అనలేదు. అయినా నా మొదటి మాటలో వాళ్ళ గురించి ఒక్క ముక్కా లేదనేది కూడా నిజమే. నేను మా ఇబ్బంది గురించే ఆలోచించాను. మామగారూ కోడలూ పక్కపక్కన కూర్చునే విషయంలో నా అభిప్రాయం మారలేదు. అది సిగ్గుకు సంబంధించింది, ఎవరు ఆడుతున్నారన్నదానికి కాదు. ఆడేది ఎవరైనా నేను అదే చెప్తాను.

విశాఖలాయరు:
అసలు టిక్కెట్టు కొనడం మంచిదేనా అని నా సందేహం. ట్రాన్స్ స్త్రీకి స్టేజీ తప్ప వేరే ఉద్యోగం దొరకని చోట, మనం వెళ్ళి కొనే టిక్కెట్టు ఆ పరిస్థితిని అలాగే నిలబెడుతుంది. థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి స్వలింగ వివాహాలకు చట్టం గుర్తింపు వచ్చింది. గుర్తింపు కార్డులో ఆడ, మగ మార్చుకోవడానికి మాత్రం అక్కడ చట్టం లేదు. స్టేజీ మీద ఆమె రాణి, పాస్‌పోర్టులో మిస్టర్. మన సుప్రీంకోర్టు 2014లోనే ఎవరి లింగం వాళ్ళే చెప్పుకునే హక్కుందని తీర్పిచ్చింది. ఆ తీర్పుతో ఈ విషయంలో మనమే వాళ్ళకంటే ముందున్నాం, కాగితం మీదైనా.

బోధన్‌పోరడు:
లాయర్ సాబ్, కాగితం మీద ముందున్నం, కిరాయికి ఇల్లు మాత్రం దొరకదు. మీరు టిక్కెట్ కొనకుంటె ఆమెకు వేరే కొలువు వస్తదా? ఉన్న జీతం పోతది. టిక్కెట్ కొనుండ్రి, ఇంటికొచ్చినంక మీ ఆఫీసుల ఒక కొలువు ఇయ్యుండ్రి. రెండూ చెయ్యొచ్చు.

విశాఖలాయరు:
రెండోది చేయగలిగే స్థితిలోనే ఉన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకుంటాను.

కాకినాడ98:
అందరికీ దణ్ణాలు. నిన్న రాత్రి గ్రూపు కాల్‌లో పెద్దక్క గారి పోస్టు మొత్తం పైకి చదివాను. ఎవరూ మధ్యలో మాట్లాడలేదు. ఏజెంటుకి ఫోన్ చేస్తే, షో వద్దన్నవాళ్ళ టిక్కెట్టు తీసేస్తానన్నాడు, ఆ సాయంత్రం వాళ్ళకు వేరే బండి పెడతానన్నాడు. ముగ్గురు అమ్మలకీ వీడియో చూపించాం. మా అమ్మ, ఇంకో ఆవిడ వస్తామన్నారు. మూడో ఆవిడ తనకు గుడి ఏదైనా ఉంటే చూపించమంది. మామగారు రానన్నారు, గోదారిగట్టు గారు చెప్పిన కారణమే. అమ్మ వీడియో చూశాక ఒకటే అడిగింది, ఆ కిరీటాలు ఎన్ని కేజీలుంటాయని.

పిల్లల దగ్గర ఇంకా తెగలేదు. పదమూడు, పద్నాలుగేళ్ళ మగపిల్లలు నలుగురున్నారు, నాకు భయం వాళ్ళతోనే. ఒక తండ్రి తన కొడుకుని ససేమిరా పంపనన్నాడు. బస్సులో ఆ మాట వినపడదని నేను పూచీ పడగలనా అంటే, మా వాళ్ళలో ఇద్దరి విషయంలో ఇవాళ్టికి పడలేను. వాళ్ళతో విడిగా మాట్లాడాలి. మాట్లాడాకే మిగతా టిక్కెట్లు. పెద్దక్క గారూ, మా ఆరేళ్ళ పాప కచ్చితంగా అడుగుతుంది, వాళ్ళు ఆంటీలా అంకుల్సా అని. ఏం చెప్పమంటారు?

పెద్దక్క:
ఆంటీలు అని చెప్పండి. అక్కడితో ఆగండి, అది ఇంకో ప్రశ్న అడిగితే దానికి మాత్రం జవాబివ్వండి. నా కూతురు నాలుగేళ్ళప్పుడు పిన్ని గొంతు ఎందుకు అలా ఉందని అడిగింది. పిన్ని గొంతు అంతేనమ్మా అన్నాను. వెళ్ళి ఒళ్ళో కూర్చుంది.

వంద భాట్ల నోట్లు ముందే మార్చి అందరికీ తలా రెండు పంచండి. పాప చేతికీ ఒకటివ్వండి. ఇచ్చేటప్పుడు రెండు చేతులతో, ఆమె చేతిలోనే పెట్టమనండి.