టేకు తలుపుకి నంబర్ లాక్: పాత మోర్టిస్ తీసి కొత్తది బిగించొచ్చా?

కొత్తగుమ్మం

మెయిన్ డోరుకి కీప్యాడ్ లాక్ పెట్టించాలనుకుంటున్నాం. ఒంటిరెక్క టేకు తలుపు, లోపలికి తెరుచుకుంటుంది. మందం 38 మి.మీ. తాళం వైపు నిలువుపట్టీ, అంచు నుంచి బీడింగ్ మొదలయ్యే దాకా 100 మి.మీ. ఇప్పుడు పాత మోర్టిస్ తాళం (తలుపు అంచులో గాడి తీసి లోపలికి దించే రకం), ఇత్తడి హ్యాండిల్ ఉన్నాయి. బయట ఇనప గ్రిల్ తలుపు, రెండిటి మధ్య సందు 65 మి.మీ. వానాకాలం తాళం వైపు పైమూల పట్టేస్తుంది, భుజంతో తోస్తే గానీ పడదు. చూసిన లాక్ మోర్టిస్ రకం: బ్యాక్‌సెట్ (తలుపు అంచు నుంచి హ్యాండిల్ కేంద్రం దాకా దూరం) 60, ప్లేటు వెడల్పు 75. సరిపోతుందా? పని కార్పెంటర్ చేస్తాడు, పక్కనుండి ఏమేం చూసుకోవాలి?

ఉలి_బాడిస

ముందు లెక్క. హ్యాండిల్ కేంద్రం అంచు నుంచి 60. ప్లేటులో సగం 37.5. మొత్తం 97.5. అంటే బీడింగ్‌కి రెండున్నర మి.మీ. ఇవతల ప్లేటు ఆగుతుంది. పడుతుంది గానీ, మార్కింగ్‌లో రెండు మూడు మి.మీ. తేడా వచ్చినా ఇబ్బందే. హ్యాండిల్ కేంద్రం ప్లేటు నడిమధ్యన లేని మోడళ్లూ ఉంటాయి కాబట్టి, డబ్బాలో వచ్చే కాగితం టెంప్లేట్ తలుపుకి అంటించి చూశాకే డ్రిల్లు ముట్టుకోవాలి. ప్లేటు బీడింగ్ మీదికి ఎక్కితే ఒక పక్క లేచిపోయి, ఆ సందులోంచి నీళ్లు, దుమ్ము లోపలికి దిగుతాయి.

మందం బాగానే ఉంది. లాక్ బాడీకి గాడి సుమారు 20 తీస్తారు, అటు 9 ఇటు 9 మిగులుతుంది. 30 తలుపైతే వద్దనే చెప్పేవాణ్ణి, 5 మి.మీ. చెక్క స్క్రూ బిగువుకే చీలుతుంది.

చాలామంది చూడనిది ఇంకొకటుంది. ప్యానెల్ తలుపులో నడిమి అడ్డపట్టీ చివర నిలువుపట్టీలోకి దిగి ఉంటుంది. తలుపు బలమంతా ఆ జాయింటులోనే. లాక్ గాడి దాదాపు 90 లోతు, సరిగ్గా అక్కడే తీస్తే జాయింటు తెగిపోతుంది, ఏడాది తిరక్కుండా తలుపు వదులవుతుంది. అడ్డపట్టీకి కాస్త పైనో కిందో గాడి వచ్చేలా ఎత్తు మార్చండి. నేల నుంచి హ్యాండిల్ 950 నుంచి 1050 మధ్య ఎక్కడున్నా చేతికి బాగానే అందుతుంది.

పాత గాడి ఖాళీగా వదిలేసి పక్కనే కొత్తది తొలిస్తే డ్రిల్ బిట్ పాత దాంట్లోకి జారుతుంది. పాత గాడిలో కొలతకు కోసిన టేకు ముక్క జిగురుతో దిగ్గొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, తర్వాత మార్క్ చేయించండి. పాత హ్యాండిల్ రంధ్రాలు కొత్త ప్లేటు కిందికి వస్తాయో లేదో కూడా టెంప్లేట్‌తోనే తేలుతుంది.

కానీ ఇదంతా పైమూల సంగతి తేల్చాకే. తాళం వైపు పైన పట్టేస్తోందంటే ఎక్కువ శాతం పైబందు స్క్రూలు వదులై తలుపు వాలినట్టు. ఆ స్క్రూలు తీసి 50 మి.మీ. పొడవువి ద్వారబంధంలోకి దిగేలా వేయండి. అప్పటికీ పడితేనే చిత్రిక పట్టించండి, చుట్టూ 3 మి.మీ. సందు ఉండాలి. లాక్ బిగించాక చిత్రిక పడితే అంచు ప్లేటు పైకి తేలుతుంది, కొలతలన్నీ తప్పుతాయి. గాడి లోపలి పచ్చి చెక్కకి కూడా రెండు పూతలు వార్నిష్ వేయించాలి. అది మానేస్తే తడి అక్కడినుంచే పీల్చుకుని ఉబ్బుతుంది.

సర్క్యూట్‌బోర్డు

పై సలహాకి వైరు సంగతి కలపాలి. లోపలి ప్లేటుకీ బయటి ప్లేటుకీ మధ్య సన్నని రిబ్బన్ లాంటి కేబుల్ ఉంటుంది. బిగించిన రోజే లాక్ చచ్చిపోయిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే: ప్లేటు అంచుకీ చెక్కకీ మధ్య నలిగి ఉంటుంది. కేబుల్ రంధ్రం అంచులు ఉప్పుకాగితంతో నున్నగా చేయించండి. కనెక్టర్ టక్ మని కూర్చున్నాక మిగిలిన వైరు గాడిలోకి మడిచి, రెండు ప్లేట్లూ చేత్తో నొక్కితే ఖాళీ లేకుండా ఆనాలి. ఆనకపోతే స్క్రూతో లాగకండి, విప్పి చూడండి. కలిపే పొడవాటి స్క్రూలు పవర్ డ్రిల్లుతో కాదు, చేతి స్క్రూడ్రైవర్‌తోనే. పైదీ కిందిదీ మార్చి మార్చి కొంచెం కొంచెం. ఎక్కువ బిగిస్తే ప్లేటు వంగి హ్యాండిల్ వెనక్కి రాదు.

మొదటి పరీక్ష తలుపు తెరిచి ఉంచే చేయాలి. కోడ్ కొట్టి పదిసార్లు బోల్టు వేసి తీయండి. మెకానికల్ తాళంచెవి కూడా అప్పుడే తిప్పి చూసి, ఒకటి ఇంటి బయట నమ్మకమైన చోట ఉంచండి. ఇంట్లో బీరువాలో పెట్టిన తాళంచెవి బయట చిక్కుకున్నవాళ్లకి ఎందుకూ పనికిరాదు.

గ్రిల్‌సందు

65 సందు చాలదేమో చూసుకోండి. హ్యాండిల్ ప్లేటుతో కలిపి తలుపు మీదనుంచి 60, ఆపైన పొడుచుకొస్తుంది. గ్రిల్ మూస్తే కడ్డీ దానికి తగలొచ్చు, తగలకపోయినా మధ్యలో వేళ్లు పట్టవు. హ్యాండిల్ లేని రిమ్ రకం (లాక్ తలుపు లోపలి ముఖం మీదే బిగించేది) చూడండి, బయట ప్లేటు మాత్రమే ఉంటుంది.

ఉలి_బాడిస

ఈ గ్రిల్ మాట నేను గమనించలేదు, మీరు చెప్పిందే కరెక్ట్. ఈ తలుపుకి రిమ్ రకమే నయం. పెద్ద గాడి అక్కర్లేదు, జాయింటు గొడవా ఉండదు. లాక్ లోపలి ముఖం మీద కూర్చుంటుంది, బోల్టు పట్టే డబ్బా ద్వారబంధం మీద. తలుపు లోపలి ముఖం, ద్వారబంధం ఒకే మట్టంలో ఉన్నాయో లేదో స్కేలు ఆనించి చూడండి. తేడా ఉంటే డబ్బా కింద చెక్క ప్యాకింగ్ వేయాలి, స్క్రూలు ఆ మేరకు పొడవుండాలి. పాత తాళం గాడి మాత్రం ఎలాగూ పూడ్చాల్సిందే.

కొత్తగుమ్మం

అయితే రిమ్ రకమే తీసుకుంటాం. ఛార్జింగ్ సెల్స్ వాడొచ్చా? ఇంట్లో చాలా ఉన్నాయి.

సర్క్యూట్‌బోర్డు

వద్దు. ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, నాలుగు కలిస్తే 6. ఛార్జింగ్ సెల్ 1.2, నాలుగుకీ 4.8 మాత్రమే. లాక్ కొత్త సెల్స్‌నే అయిపోయాయనుకుంటుంది, లేదా హెచ్చరిక ఇవ్వకుండానే ఆగిపోతుంది. గోడ గడియారంలో వేసే చవక సెల్స్ మోటారు లాగే కరెంటు ఇవ్వలేవు, కారిపోతే స్ప్రింగులు పాడవుతాయి. నాలుగూ ఒకేసారి, ఒకే కంపెనీవి మార్చండి. సెల్స్ పూర్తిగా అయిపోతే బయటినుంచి కరెంటు ఇవ్వడానికి బయట ప్లేటు అడుగున 9 వోల్టుల బ్యాటరీ ఆనించే బొడిపెలో, టైప్-సి సాకెట్టో ఉన్న మోడలే కొనండి. కరెంటు అందించాక కూడా కోడ్ కొట్టాల్సిందే.

సెల్స్ తొందరగా అయిపోతుంటే బోల్టు ఎక్కడో రాసుకుంటున్నట్టు. బోల్టు కొసకి కాస్త కాటుక రాసి తలుపు మూసి లాక్ వేయండి. బోల్టు పట్టే డబ్బాలో మరక ఎక్కడ పడిందో అటువైపు ఆ డబ్బాని ఒక మి.మీ. జరపండి. తలుపుని చేత్తో నొక్కకుండా బోల్టు పూర్తిగా దిగేదాకా ఇలాగే సరిచేయండి.

ఫ్యాక్టరీ మాస్టర్ కోడ్ ఆ రోజే మార్చండి. నాలుగంకెలు పెట్టుకుంటే వేలిముద్రల జిడ్డు ఏ నాలుగు అంకెల మీద ఉందో కనిపిస్తుంది, ఇక మిగిలేవి 24 వరసలే. ఆరంకెలు పెట్టి, ముందూ వెనకా ఉత్తుత్తి అంకెలు కొట్టనిచ్చే సౌకర్యం ఉంటే వాడండి. పనిమనిషికి వేరే కోడ్ ఇవ్వండి, మానేసినప్పుడు అదొక్కటే తీసేయొచ్చు.

ఉలి_బాడిస

తలుపుకి పాలిష్ పట్టించాల్సి ఉంటే లాక్ పెట్టకముందే పట్టించండి. టచ్ ప్లేటు మీద థిన్నర్ పడితే అంకెలు మసకబారతాయి.